సంచీలో పదహారు పేజీలు

గ్రంథాలయంలో ఉద్యోగమంటే పుస్తకాలతో పని అనుకొని చేరాను. పని పుస్తకాలతో కాదు, మనుషులతో అని తెలిసొచ్చేసరికి ఉద్యోగం పర్మనెంటు అయిపోయింది. మా ఇంట్లో అందరూ రాయచూరు బజారులో దుకాణాల మీద కూర్చున్నవాళ్లే. "సరుకు ఊరికే ఇచ్చి, మళ్ల తెచ్చియ్యమని తిట్టే దుకాణం నువ్వొక్కడివే పెట్టుకున్నవ్ రా" అని మా అన్న ఎగతాళి చేసేవాడు. ఆ మాట అబద్ధమేమీ కాదు. నేను బాగానే తిట్టేవాణ్ణి.

ఈ మధ్య కొత్తగా ఇదే ఉద్యోగంలో చేరిన ఒకరిద్దరు ఇంటికొచ్చి, "సార్, మీ అనుభవాలు చెప్పండి" అని కూర్చున్నారు. చెప్పుకోదగ్గ ఘనకార్యాలు నా దగ్గర లేవు. ఒక తప్పుంది. ఇన్నేళ్లయినా అది నన్ను వదల్లేదు. ఆ రోజు వాళ్లకు సగం చెప్పి ఆపేశాను. మిగతా సగం కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మాది ఊళ్లో ఒక చిన్న శాఖ. ముందు గదిలో పత్రికలు, లోపలి గదిలో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు, రెండింటి మధ్య నా బల్ల. పొద్దున తలుపు తీసింది మొదలు ఆ బల్ల దగ్గరికి వచ్చేవాళ్లలో పుస్తకం అడిగేవాళ్లు తక్కువ. మంత్రాలయం బస్సు ఎన్నింటికి అనేవాడొకడు. ఫోను చార్జింగుకు ప్లగ్గు ఎక్కడ అనేవాడొకడు. రోజూ పెన్ను అడిగి, రోజూ దాన్ని జేబులో పెట్టుకొని పోయే రిటైర్డు ఉద్యోగి ఒకాయన. తెలుగు పత్రిక మొదటి పేజీ చదువుతూ, మిగతా పేజీలు ఇంకెవరూ తీసుకోకుండా వాటి మీద కూర్చునే పెద్దమనిషి ఇంకొకాయన. ఫ్యాను కింద నిద్రపోయి, లేపితే "సప్పుడు చేయొద్దని బోర్డు మీరే పెట్టింరు గద సార్" అనేవాడు మరొకడు. వీళ్లందరికీ జవాబు చెప్పీ చెప్పీ నా నోటికి ఒక దురుసుతనం పట్టుకుంది. ఎవరైనా బల్ల దగ్గరికి వస్తుంటేనే జవాబు సిద్ధంగా ఉండేది. వాళ్లు ఏమడుగుతారో ఇంకా తెలియకముందే.

అలాంటి రోజుల్లోనే ఒక పెద్దావిడ వచ్చింది. గిల్లేసూగూరు దగ్గరి క్యాంపులో ఉంటుంది. కాలవ కింద వరి పండించడానికి వాళ్లు ఎప్పుడో కోస్తా వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. పదిహేను రోజులకోసారి బస్సెక్కి వచ్చి రెండు తెలుగు నవలలు పట్టుకెళ్లేది. ఆ రోజు ఒక నవల నా బల్ల మీద పెట్టి, కళ్లజోడు తీసి చేత్తో పట్టుకొని, ఫిర్యాదు మొదలుపెట్టింది.

"బాబుగారూ, ఈ నవల మధ్యలో కన్నడం వచ్చిందండీ."

నా ముందు ఇంకా నలుగురు నిలబడి ఉన్నారు. "అమ్మా, మనముండేది కర్ణాటకల. కన్నడం రాకపోతే ఇంకేం వస్తది?" అన్నాను. నలుగురూ నవ్వారు. ఆ నవ్వు నాకు బాగుంది.

ఆవిడ నవ్వలేదు. "అది కాదు బాబూ. ముప్పై రెండో పేజీ దాకా పెళ్లిచూపులండీ. పిల్ల ఇంకా ఏ సంగతీ చెప్పలేదు. పేజీ తిప్పితే అంతా కన్నడం. మళ్లీ నలభై తొమ్మిదో పేజీకొచ్చేసరికి ఆ పిల్ల ఒళ్లో బిడ్డ ఉందండీ. అసలు ఒప్పుకుందో లేదో నాకు తెలియద్దా?"

"బిడ్డ ఉందంటే ఒప్పుకున్నట్లే గదమ్మా" అని పుస్తకం తీసుకొని, తెరవకుండానే పక్కకు పెట్టేశాను. మా అటెండరు దాన్ని అలాగే తీసుకుపోయి అరలో పెట్టింది. పెద్దావిడ ఆ తర్వాత ఇంకోసారి ఆ సంగతి ఎత్తింది. అప్పుడూ ఏదో వేళాకోళమాడి పంపేశాను.

ఇక నా తప్పు ఎవరి మీద పడిందో ఆ అమ్మాయి సంగతి. ఆమెదీ గిల్లేసూగూరే. తండ్రి రాయచూరులో బియ్యం మిల్లులో హమాలీ. పొద్దున తండ్రీ కూతురూ ఒకే బస్సు దిగేవారు. ఆయన కూతుర్ని మా గుమ్మం దాకా దింపి, లోపలికొకసారి చూసి, మిల్లుకు పోయేవాడు. సాయంత్రం మళ్లీ గుమ్మం దగ్గర నిలబడేవాడు. సర్కారు ఉద్యోగం పరీక్షకు చదివే పిల్లల్లో ఆమె అందరికంటే ముందు వచ్చేది. కన్నడ మీడియం. నాతో మాట్లాడితే మన రాయచూరు తెలుగు. ఎక్కువ మాట్లాడేది కాదు. నాకు పని పెట్టని పాఠకురాలు కాబట్టి ఆమె మీద నాకు ఏ అభిప్రాయమూ ఉండేది కాదు.

ఆ పరీక్షకు పనికొచ్చే కన్నడ గైడు ఒకటుండేది. లావుపాటిది, ఒకటే ప్రతి. పిల్లలు వంతులు వేసుకొని చదివేవాళ్లు. ఒకరోజు ఒక కుర్రాడు దాన్ని తెచ్చి, "సార్, ముప్పై మూడు నుంచి నలభై ఎనిమిది దాంక లేవు" అన్నాడు. చూశాను. నిజమే. ముప్పై రెండు తర్వాత నలభై తొమ్మిది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పుస్తకం బైండింగు నుంచి వచ్చి నాలుగు నెలలే అయింది. పేజీలన్నీ సరిచూశానని రిజిస్టరులో సంతకం చేసింది నేనే. అంటే ఈ నాలుగు నెలల్లో ఎవరో బ్లేడుతో కోసుకుపోయారన్న మాట. అదే నా లెక్క. ఇంకో లెక్క ఉండొచ్చని నాకు తోచనే లేదు.

మర్నాడే బోర్డు పెట్టాను. బయటికి పోయే ప్రతివాళ్లూ సంచీ తెరిచి చూపించాలి. పిల్లలు గొణిగారు. మూడు రోజులు ఏమీ దొరకలేదు. నాలుగో రోజు పొద్దున ఆ అమ్మాయి బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, ఒక మాట. ఆ గైడు ఎవరి తాన ఉంది?"

"చదువుతున్నరు. లైన్ల నిల్చో" అన్నాను. వరసలో కాసేపు నిలబడింది. ఆమె ముందున్నవాడు ఆధార్ కార్డులో పేరు ఎలా మార్చుకోవాలని అడుగుతూ నా ప్రాణం తీస్తున్నాడు. ఆమె వంతు వచ్చినప్పుడు నాకు ఫోను వచ్చింది. చేత్తో ఆగమన్నాను. అది ఎంతకీ తెగలేదు. ఆమె చూసి చూసి లోపలికి వెళ్లిపోయింది.

సాయంత్రం బయటికి పోతూ సంచీ తెరిచింది. పైన టిఫిను డబ్బా, నోటుబుక్కు. వాటి కింద ఒక కవరు. అటెండరు కవరు తీసి నాకిచ్చింది. లోపల ఎనిమిది కాగితాలు. మొదటిదాని మీద ముప్పై మూడు, చివరిదాని వెనక నలభై ఎనిమిది. అదే గైడు. అంచులు బ్లేడుతో కోసినట్టు నున్నగా ఉన్నాయి. సంచీ అడుగున బ్లేడు కూడా ఉంది, ఒక చిన్న గోందు సీసా, అదే జిగురు సీసా, ఉంది.

ఆమె నుంచి ఇది అనుకోలేదు. నోటికి వచ్చిందల్లా అన్నాను. లోపలి గదిలో పిల్లలందరూ లేచి వచ్చి నిలబడ్డారు.

"సార్, ఇవి నేను తెచ్చిన. పుస్తకంల పెట్టనీకి" అంది.

"తెచ్చినవా? యాడికెల్లి తెచ్చినవ్? చెట్టుకు కాసినయా?"

ఎవరో నవ్వారు. ఆమె ఇంకేదో చెప్పబోయింది. నేను పోలీసుల మాట ఎత్తాను. ఆమె నోరు మూసుకుంది. కాగితం పెన్ను ఇచ్చి తప్పు ఒప్పుకుంటూ రాయమన్నాను. నిలబడే కన్నడంలో రెండు వాక్యాలు రాసి, సంతకం చేసి ఇచ్చింది. నేను చదవలేదు. ఆ ఎనిమిది కాగితాలకూ ఆమె రాసిన కాగితానికీ కలిపి పిన్ను కొట్టి ఫైల్లో పెట్టాను. సభ్యత్వం రద్దు చేశాను. అప్పటికే గుమ్మం దగ్గర తండ్రి నిలబడి ఉన్నాడు. కూతురు చేతిలో సంచీ తాను తీసుకొని నడిచాడు.

ఆ రాత్రి నాకు మంచి నిద్ర పట్టింది. ఇది కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

రెండు నెలలు గడిచాయి. పై అధికారి తనిఖీకి వచ్చారు. ఆయన అలవాటు ప్రకారం ముందు సలహాల పుస్తకం తీశారు. దాన్లో పెద్దావిడ గుండ్రటి అక్షరాలతో ఒక పేజీ నిండా రాసి పెట్టింది. నవల పేరు, నంబరు, ఏ పేజీ నుంచి ఏ పేజీ దాకా కన్నడం ఉందో, ఎన్నిసార్లు చెప్పిందో, నేనేమి జవాబిచ్చానో, అన్నీ. చివర "వయసు మళ్లిన దాన్నని వేళాకోళం చేశారు" అని కూడా రాసింది. అధికారి నా వైపు చూసి, "దీనికి వివరణ రాసివ్వండి" అని పోయారు.

నాకు చిరాకు పుట్టింది. ఆవిడకు చత్వారం, వేరే పుస్తకం చూసి ఉంటుంది అని రాద్దామనుకొని, రుజువు కోసం నవల తెప్పించి తెరిచాను. ముప్పై రెండో పేజీలో పెళ్లిచూపులు. తిప్పాను. కన్నడం. పంచాయతీల అధికారాలు, విధులు. పేజీ సంఖ్య ముప్పై మూడు.

కొత్తవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. ప్రతి గ్రంథాలయానికీ ఒక రహస్య పుట ఉంటుంది. మొదటి పేజీ చింపేసినా పుస్తకం మనదని గుర్తుపట్టడానికి, లోపల ఎక్కడో ఒక పేజీ మీద ముద్ర కొట్టి, పుస్తకం నంబరు వేస్తాం. అన్ని పుస్తకాల్లోనూ అదే పేజీ. మా శాఖది ఏ పేజీయో ఇప్పటికీ చెప్పను, ఇంకా అదే నడుస్తోంది. అది ఆ పదహారు పేజీల్లోనే ఉందని మాత్రం చెబుతాను. అక్కడికి తిప్పాను. ఊదారంగు ముద్ర ఉంది. ముద్ర కింద గైడు నంబరు ఉంది. నా చేతిరాతే.

ఫైలు తీశాను. అమ్మాయి దగ్గర లాక్కున్న కాగితాల్లో అదే పేజీ వెతికాను. ముద్ర లేదు. కాగితం పాతది, పసుపు పట్టింది, ఎవరో పెన్సిలుతో గీతలు గీసుకున్నారు. అది మా పుస్తకంలోది కానే కాదు. ముప్పై ఏళ్లు ముద్రలు కొట్టినవాణ్ణి. ఆ రోజు కోపంలో ఒక్క పేజీ తిప్పి ముద్ర ఉందా అని చూడలేదు.

ఆమె రాసిచ్చిన రెండు వాక్యాలు అప్పుడు చదివాను. "ఈ పేజీలు నా సంచీలో దొరికాయి. ఇవి ఈ పుస్తకంలో అతికించడానికి నేను తెచ్చాను." అంతే. కోశానని రాయలేదు. క్షమించమని రాయలేదు.

అటెండరు మంచినీళ్లు తెచ్చింది. సంగతి చెప్పాను. ఆమె గ్లాసు బల్ల మీద పెట్టి, "ఆ దినమే అనుకున్న సార్. దొంగతనానికి వచ్చినామె బ్లేడు తెస్తది, గోందు ఎందుకు తెస్తది అని" అంది.

"మరి చెప్పలేదెందుకు?"

"మీరు అంత కోపంల ఉంటే ఎవరు చెప్తరు సార్?"

ఆ మధ్యాహ్నమే బైండరు దగ్గరికి వెళ్లాను. వయసు మీదపడిన మనిషి, మా పుస్తకాలన్నీ ఏళ్ల తరబడి ఆయన కుట్టినవే. ఆయనకు ఉర్దూ తప్ప వేరే లిపి రాదు. తెలుగూ కన్నడమూ ఆయన కళ్లకు ఒకటే. మేము కూడా ఎన్నోసార్లు "రెండూ జిలేబీలే గద చాచా" అని నవ్వుకున్నవాళ్లమే. ఒకే విడతలో బైండింగుకు పోయిన ఆ రెండు పుస్తకాలూ చూసి ఆయనకు వెంటనే అర్థమైంది.

"నవల్ల ఆ పేజీలు మొదలే లేకుండె సాబ్. కింద ఒక కట్ట పడి ఉండె. నంబర్లు సరిపోయినయ్, కుట్టేసిన." నా మొహం చూశాడు. "నాకు చదువ రాదని మీకు ఎరుకే గద. మీరు పేజీలన్ని లెక్కవెట్టి సంతకం చేస్తరని నా ధైర్యం."

ఒక చాయ్ తాగేంత సేపట్లో ఆ విడత బైండింగు నుంచి వచ్చిన పుస్తకాలన్నిటికీ నేను సంతకాలు చేశాను. ఒక్కదాన్నీ తెరవలేదు. దొంగను వెతకడానికి అందరి సంచీలూ తెరిపించాను. నేను తెరవాల్సింది పుస్తకం.

మర్నాడు అటెండరును వెంటబెట్టుకొని గిల్లేసూగూరు బస్సెక్కాను. సభ్యత్వ దరఖాస్తులో ఉన్న చిరునామా పట్టుకొని ఇల్లు వెతుక్కున్నాం. తండ్రి మిల్లుకు పోలేదు, నడుము పట్టేసి మంచం మీద ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. వద్దన్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, రెండు పుస్తకాలూ ఆయన మంచం మీద పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పేశాను. ఆయన అంతా విన్నాడు.

"ఆ దినం బస్సుల నేనొక్కటే మాట అడిగిన సార్. నువ్వు కోసినవా అమ్మా అని. లేదు నాయనా అన్నది. గంతే. మళ్ల అడగలే" అన్నాడు.

అమ్మాయి నాట్లకు పోయి ఉంది. పిలిపించారు. పిక్కల దాకా బురదతో వచ్చి, నన్ను చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. నేను చెప్పిందంతా విన్నది. ఆ పేజీలు ఎక్కడివని అప్పుడు అడిగాను. ఆదివారం నాడు రాయచూరులో రోడ్డు పక్కన పాత పుస్తకాల కుప్పలో అట్ట లేని గైడు ఒకటి దొరికిందట. సగానికి పైగా చెదలు తినేసింది. ఈ పదహారు పేజీలు మాత్రం బాగున్నాయట, వాటిని బ్లేడుతో కోసి తీసిందట.

"అందరికీ అవే లేకుండె గద సార్. అతికిస్తే అందరూ చదువుకుంటరని తెచ్చిన. మీకు చెప్పే పెడదామని పొద్దున లైన్ల నిల్చున్న" అంది.

పరీక్ష సంగతి అడిగాను. రాసిందట. చదివింది ఏదీ గుర్తుకు రాలేదట.

"తప్పు నాదే అమ్మా. నన్ను ఏం చెయ్యమంటవో చెప్పు" అన్నాను.

ఆమె తలెత్తి సూటిగా చూసింది. గొంతు పెంచలేదు. "మా నాయన అడిగిండు సార్, కోసినవా అని. మీరు గది గూడ అడగలే."

నిజమే. రోజంతా జనం నన్ను ప్రశ్నలతో చంపుతున్నారని ఏడ్చేవాణ్ణి. నేను అడగాల్సిన ఒక్క ప్రశ్న అడగలేదు.

"ఆ దినం ఎంతమంది ముందర అన్నరో అంతమంది ముందర చెప్పండి. అప్పుడు వస్త. చూసి పోత" అంది.

చెప్పిన రోజుకు వచ్చింది. తండ్రి కూడా నడుముకు గుడ్డ కట్టుకొని వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పదకొండు గంటలకు రెండు గదులూ నిండి ఉన్నాయి. నేను బల్ల వెనక నుంచి లేచి, మధ్యలో నిలబడి, గొంతు సవరించుకొని మొదలుపెట్టాను. పేజీలు ఎవరూ కోయలేదని, చూడకుండా సంతకం చేసింది నేనని, ఈ అమ్మాయి మీద నేను వేసింది అబద్ధపు నింద అని. సగంలో ఉండగా, పత్రిక మీద కూర్చునే పెద్దమనిషి విసుగ్గా తలెత్తి, గోడ మీద "నిశ్శబ్దం" అన్న బోర్డు వైపు వేలు చూపించాడు. నేను ఆగలేదు. చివరి దాకా చెప్పాను. ఆ రోజు నవ్వినవాళ్లు ఇప్పుడు పుస్తకాల్లోకి తలలు దించుకున్నారు.

ఆమె పదహారు పేజీలూ, రాసిచ్చిన కాగితమూ ఆమె చేతికిచ్చాను. సభ్యత్వ కార్డు కొత్తది రాసి పెట్టాను, అది కూడా ఇచ్చాను. కార్డు మాత్రం బల్ల మీదే వదిలేసింది.

ఆ ఏడు ఆమెకు ఉద్యోగం రాలేదని తర్వాత తెలిసింది. నా వల్లేనా అంటే ఎవరు చెప్పగలరు? నేను మాత్రం నా వల్లే అనుకుంటాను. పెద్దావిడకు కూడా క్షమాపణ చెప్పుకున్నాను. ఆవిడ అంతా విని, "పోనీలే బాబూ. ఇంతకీ ఆ పిల్ల ఒప్పుకుందా?" అంది. ఆ నవల ఇంకో ప్రతి నాకు ఎక్కడా దొరకలేదు.

నేను రాత్రుళ్లు గుర్తు చేసుకునేది వీటిలో ఏదీ కాదు. ఆ రోజు అన్నీ అయిపోయాక ఆ అమ్మాయి కాగితాలు సంచీలో పెట్టుకొని బయటికి నడిచింది. గుమ్మం దాటబోతూ ఆగింది. సంచీ తెరిచి చూపించాలన్న నా బోర్డు ఇంకా గోడ మీదే ఉంది. తీసేయాలని నాకు గుర్తే లేదు. ఆమె దాన్ని చదివి, వెనక్కి తిరిగి, నా బల్ల దాకా వచ్చి, సంచీ రెండు చేతులతో వెడల్పుగా తెరిచి నా మొహం ముందు పట్టుకుంది.

"చూస్కోండి సార్."

నోటుబుక్కు ఉంది, టిఫిను డబ్బా ఉంది, ఎనిమిది కాగితాలూ, ఆమె రాసిచ్చిన కాగితమూ ఉన్నాయి. గోందు సీసా కూడా ఉంది, ఇంకా మూత తీయలేదు.